మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్ అయ్యాక మళ్లీ దవాఖానలో చేరాల్సిన అవసరం రాకుండా ఏం చేయాలి?

"ఆపరేషన్ మంచిగనే అయింది. ఇంటికి తోల్కొచ్చి వారమైంది. ఇప్పుడు కట్టు తడి తడిగా అయితాంది. ఏం చేయాలె?" నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, హుజూరాబాద్ వైపు నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ఇదే ప్రశ్న. తర్వాత వచ్చేవి కాలు వాపు, జ్వరం, నాలుగు రోజులుగా మోషన్ కాకపోవడం. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే ఇంటిల్లిపాదికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఇది ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్ల గురించి. యాక్సిడెంట్‌లో బొక్క విరిగి చేసే ఆపరేషన్లకు ఇందులో సగమే వర్తిస్తుంది. మీ బొక్కల డాక్టర్ కాగితం మీద వేరే మాట రాసి ఉంటే ఆయన మాటే పాటించండి. మీ కాలును లోపల చూసింది ఆయనే.

అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా 2012 అక్టోబర్ నుంచి ఒక లెక్క చూస్తోంది. డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు రోగులు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా తిరిగి చేరితే ఆ దవాఖానకు ఇచ్చే డబ్బులో కోత పెడుతుంది. 2014 అక్టోబర్ నుంచి మోకాలు, తుంటి మార్పిడినీ అందులో కలిపారు. మన దగ్గర ఆ 30 రోజుల కాపలా ఎక్కువగా ఇంటివాళ్ల మీదే పడుతుంది.

ఒక మాట మొదటే చెప్పాలి. దవాఖాన గడప తొక్కకుండా ఉండటం కాదు మన లక్ష్యం. ఆరో రోజు తడి కట్టుతో వెళ్లి చూపించుకుంటే చిన్న పనితో పోతుంది. అదే తడిని మూడు వారాలు ఇంట్లో గోలీలతో నెట్టుకొస్తే కొత్తగా వేసిన కీలునే తీసేయాల్సి రావచ్చు. చూపించుకోవడానికి వెనక్కి వెళ్లడం వేరు, అడ్మిట్ కావడం వేరు. మొదటిది ఆలస్యం చేసినవాళ్లకే రెండోది ఎక్కువగా వస్తుంది.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

- గట్టి మంచం. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు నడుము కంటే ఎత్తుకు లేవకూడదు. నులక మంచం, నవారు మంచం వద్దు, మధ్యలో కుంగుతాయి.
- రెండు వైపులా చేతులున్న, ఎత్తైన కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ అయితే కాళ్లు జారకుండా గోడకు ఆనించి వేయండి.
- వాకర్. కింద రబ్బరు బుడిపెలు అరిగి ఉంటే మార్చండి. అద్దెకు తెచ్చినదానికి ఇది తప్పక చూడాలి.
- కమోడ్ కుర్చీ. ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ ఉన్నా అది పొట్టిగా ఉంటే దానిమీద పెట్టే ఎత్తు సీటు.
- డిజిటల్ థర్మామీటర్, దర్జీ టేపు, షుగర్ ఉంటే గ్లూకోమీటర్.
- ఐస్ పెట్టుకోవడానికి గుడ్డ, ఒక నోట్‌బుక్, ఫొటో తీసే ఫోన్.
- మొదటి రెండు వారాలు పూర్తిగా తోడుండే ఒక మనిషి. పై సామానంతా డబ్బుతో వస్తుంది, ఇది రాదు. అందుకే ముందుగా మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

1. తేదీని తొందరపడి పెట్టుకోకండి

పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో ఇంట్లో అందరూ చేనుకు పోతారు, పేషెంటు ఒక్కరే మిగులుతారు. ఆ నెలలు తప్పించండి. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వాళ్లయితే మేడారం జాతర రోజులూ తప్పించండి, ఆ రద్దీలో అంబులెన్స్ దారి దొరకక ఆగిపోతుంది. వానాకాలంలో మీ ఊరికి వాగు దాటి పోవాలా? 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన సంగతి మనకు గుర్తుంది. అలాంటి ఊరైతే కుట్లు తీసేదాకా హనుమకొండలో చుట్టాలింట్లోనో, చిన్న గది తీసుకునో ఉండటం మంచిది.

ఆపరేషన్‌కు ముందు ఇవి చక్కబడాలి.

షుగర్: మూడు నెలల సరాసరి చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. చాలామంది సర్జన్లు 7.5 నుంచి 8 లోపు ఉండాలంటారు. 9, 10 ఉంటే ఆపరేషన్ వాయిదా వేసుకోవడం నష్టం కాదు. షుగర్ ఎక్కువుంటే గాయం మానదు, చీము పడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం గోలీలు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు పేరు పెట్టి చెప్పండి, వాటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు.

రక్తం: హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కన్నా తక్కువుంటే రక్తహీనతే. నెల ముందే తెలిస్తే మందులతో పెంచుకోవచ్చు.

పళ్లు, చర్మం, మూత్రం: చీము పట్టిన పన్ను, కాలివేళ్ల మధ్య పాచినట్టు తెల్లగా ఉండటం, మడమ పగుళ్లు, సెగగడ్డ, మూత్రంలో మంట. ఇవి చిన్నవని దాచకండి. అక్కడి సూక్ష్మక్రిములే రక్తంలో పడి కొత్త కీలుకు చేరతాయి. కాలి మీద వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీకకండి, ఆ చిన్న కోతలు కూడా ఇన్ఫెక్షన్‌కు దారి ఇస్తాయి.

మోకాలి సూది: నొప్పికి మోకాల్లో స్టెరాయిడ్ సూది వేయించుకుని ఉంటే కనీసం మూడు నెలలు ఆగాలి. ఎప్పుడు వేయించుకున్నారో తప్పక చెప్పండి. కీళ్లనొప్పులకని పేరు లేని పొడులు, గోలీలు తింటుంటే వాటినీ తీసుకెళ్లి చూపించండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతారు. ఏళ్లతరబడి తిని హఠాత్తుగా ఆపితే ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోవచ్చు.

బీడీ, చుట్ట, సిగరెట్, తంబాకు: కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. గాయం మానేదాకా మళ్లీ ముట్టకూడదు.

2. ఇల్లు సర్దడం

మంచం నుంచి టాయిలెట్ దాకా వాకర్ పట్టుకుని మీరే ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ వాకర్ తట్టుకుంటుందో అక్కడే పేషెంటు పడతారు. పాత ఇళ్లలో గడపలు ఎత్తుగా ఉంటాయి, గడప దాటాల్సిన అవసరం లేని గదిలో మంచం వేయండి. చాపలు, కార్పెట్లు, ఛార్జర్ వైర్లు తీసేయండి. నున్నటి బండలు తడిస్తే జారుతాయి, బాత్రూంలో రబ్బరు మ్యాట్ వేయండి. పొద్దున వాకిట్లో సాన్పు చల్లాక అది ఆరేదాకా పేషెంటును బయటికి నడిపించకండి.

టాయిలెట్ ఇంటి బయట పెరట్లో ఉంటే రాత్రిపూట అక్కడికి తీసుకెళ్లొద్దు. కమోడ్ కుర్చీ మంచం పక్కనే ఉంచండి, రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి. చాలామంది పెద్దవాళ్లు మొహమాటపడి, "ఎందుకు లేపుడు, నేనే పోతా" అని ఒక్కరే లేస్తారు. పడేది అప్పుడే. మీ నాయినకో అవ్వకో ముందే గట్టిగా చెప్పండి: "రాత్రి ఎన్నిసార్లయినా లేపు, ఏమనుకోం."

3. డిశ్చార్జి రోజు అడగాల్సినవి

బిల్లు కట్టే హడావుడిలో ఇవి మరిచిపోతారు. అందుకే ముందురోజు సాయంత్రమే వార్డు సిస్టర్‌ను అడిగి నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి.

- రాత్రి రెండింటికి ఇబ్బంది వస్తే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి? రిసెప్షన్ నంబర్ చాలదు. వార్డు నంబర్ గానీ డ్యూటీ డాక్టర్ నంబర్ గానీ తీసుకోండి.
- కట్టు ఎప్పుడు, ఎవరు మార్చాలి? కుట్లు లేదా పిన్నులు ఏ తేదీన తీస్తారు? (సాధారణంగా 12 నుంచి 14 రోజులకు.)
- రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏది, ఏ తేదీ వరకు?
- పాత బీపీ, షుగర్, గుండె మందుల్లో ఏవి కొనసాగించాలి, ఏవి ఆపాలి?
- కాలు మీద ఎంత బరువు మోపవచ్చు?
- లోపల వేసిన కీలు ఏ కంపెనీది, ఏ సైజు అని చెప్పే స్టిక్కర్లు డిశ్చార్జి కాగితం మీద అతికించారా?

ఆరోగ్యశ్రీ కింద చేయించుకుంటే దవాఖానలోని ఆరోగ్యమిత్రను కలవండి. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, 30 రోజుల్లోపు వచ్చే కాంప్లికేషన్ల వైద్యం ప్యాకేజీలో భాగమే. మీ కేసుకు అది ఎలా వర్తిస్తుందో అక్కడే అడిగి తెలుసుకోండి. "మళ్లీ పోతే మళ్లీ ఖర్చు" అనే భయంతోనే చాలామంది ఇంట్లో ఆగిపోతారు.

మూత్రం సాఫీగా వస్తున్నదా, వాకర్‌తో టాయిలెట్ దాకా వెళ్లి రాగలుగుతున్నారా, గోలీలతో నొప్పి ఆగుతున్నదా? ఈ మూడూ కాకుండా ఇంటికి బయలుదేరకండి. ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.

4. ప్రయాణం

బస్సు వద్దు, ఆటో వద్దు. కారులో ముందు సీటును వెనక్కి జరిపి, కొంచెం వాల్చి, ముందు నడుము ఆనించి కూర్చున్నాక కాళ్లు లోపలికి తిప్పాలి. ఏటూరునాగారం, మంగపేట వంటి దూరాలైతే గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి. కూర్చున్నంతసేపూ పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి.

5. గాయం

మళ్లీ అడ్మిట్ కావడానికి పెద్ద కారణాల్లో గాయం ఒకటి. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి.

మామూలుగా ఉండేవి: మొదటి రెండు మూడు రోజులు కట్టు మీద కొద్దిగా రక్తపు మరక. మోకాలు వెచ్చగా, ఉబ్బి ఉండటం (ఇది వారాలు, కొందరికి నెలలు కూడా ఉంటుంది). తొడ నుంచి చీలమండ దాకా నల్లగా, ఊదారంగుగా కమిలినట్టు కనబడటం. గాయానికి బయటివైపు చర్మం మొద్దుబారడం. వీటికి భయపడొద్దు.

మామూలు కానివి: ఐదు రోజులు దాటినా కట్టు తడుస్తూ ఉండటం. ఆరిన గాయం మళ్లీ తడవడం. ఎరుపు రోజురోజుకూ పాకడం. వాసన, చీము, కుట్ల మధ్య సందు. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

చేయాల్సింది: రోజూ ఒకే వేళకు, ఒకే వెలుతురులో కాలు ఫొటో తీయండి. కట్టు విప్పొద్దన్నారా, అయితే కట్టు పైనుంచే తీయండి. మరక అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి, రేపటికి అది గీత దాటిందో లేదో తెలుస్తుంది. ఎరుపు ఉంటే చర్మం మీద కూడా అలాగే. ఫోన్‌లో "కొంచెం ఎర్రగున్నది సార్" అని చెప్పడం కన్నా మూడు రోజుల ఫొటోలు పంపితే డాక్టర్ వెంటనే తేల్చుకోగలరు.

తడి తగలకూడదు. నీళ్లు చొరని కట్టు వేశామని వాళ్లు చెబితే తప్ప, కుట్లు తీసి గాయం పూర్తిగా ఆరేదాకా తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే. వరంగల్ ఎండల్లో చెమటకే కట్టు ఊడుతుంది, ఫ్యాను కింద ఉంచండి. ఊడిన కట్టును పాత టేపుతో అతికించకండి, మార్పించండి.

గాయం మీద పసుపు, వేపాకు, పసరు, కొబ్బరినూనె, ఏ పొడీ వేయొద్దు. మీ పెద్దమ్మ ప్రేమతో తెచ్చినా సరే, పక్కన పెట్టండి.

ఇప్పుడు ఆర్‌ఎంపీల సంగతి. ఊళ్లో అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయనే, ఆయన్ని దూరం పెట్టమని నేను చెప్పను. బీపీ చూడమనండి, షుగర్ చూడమనండి, జ్వరం చూడమనండి. కానీ గాయం తడిగా ఉందని, జ్వరం వచ్చిందని సర్జన్‌ను అడగకుండా యాంటీబయాటిక్ మాత్రం మొదలుపెట్టనివ్వకండి. ఎందుకంటే కీలు లోపల చీము ఉందా, ఉంటే ఏ క్రిమి అనేది కీలు నీరు తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. ముందే గోలీలు, సూదులు పడితే పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు, జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల కీలు లోహానికి క్రిములు పొరలా అంటుకుపోతాయి. ఆ పొర గట్టిపడకముందు, అంటే మొదటి వారాల్లో దొరికితే కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి కీలును కాపాడగలుగుతారు. ఆలస్యమైతే మొత్తం తీసి, నెలల తర్వాత కొత్తది వేయాల్సి వస్తుంది.

పిరుదుకు నొప్పి సూదులు కూడా వద్దు. రక్తం పలుచన చేసే మందు మీద ఉన్నప్పుడు కండరంలో సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టవచ్చు, అక్కడే గడ్డ లేచి చీము పట్టవచ్చు. "ఒక్క సూది వేస్తే తగ్గుతది కదా" అనే మాట దగ్గర గట్టిగా ఆగండి.

6. మందులు, రక్తం గడ్డ

ఆపరేషన్ అయిన కాలిలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆస్పిరిన్, రివారోక్సాబాన్, అపిక్సాబాన్, ఎనాక్సాపారిన్ సూది, వీటిలో ఏదో ఒకటి ఇస్తారు. మోకాలికి తరచుగా రెండు వారాలు లేదా అంతకు మించి, తుంటికి ఐదు వారాల వరకు. గోలీలు అయిపోయాయని ఆపకండి. కాగితం మీద తేదీ చూసి ఆపండి.

పొద్దున, రాత్రి టేపుతో రెండు పిక్కలూ కొలవండి. మోకాలి చిప్ప కింద పది సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అక్కడే కొలవాలి. ఆపరేషన్ అయిన కాలు లావుగా ఉండటం సహజమే. రాత్రి కాలు ఎత్తుగా పెట్టి పడుకున్నాక పొద్దుటికి వాపు కొంత దిగాలి. దిగకుండా ఇంకా పెరుగుతూ, పిక్క రాయిలా గట్టిపడి, నొక్కితే నొప్పి ఉంటే అదే రోజు ఫోన్. అలాంటి పిక్కను నూనెతో మాలిష్ చేయొద్దు, పిసకొద్దు, గడ్డ కదలొచ్చు.

హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడటం: 108కు ఫోన్ చేయండి. ఆపరేషన్ చేసిన దవాఖాన దూరమైతే అక్కడికే పోవాలని చూడకండి. వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖాన అయినా, మీ జిల్లా కేంద్రంలో ఎమర్జెన్సీ ఉన్న పెద్ద దవాఖాన అయినా దగ్గరిదానికి. వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట: "ఇన్ని రోజుల కింద మోకాలు ఆపరేషన్ అయింది."

నొప్పి గోలీల్లో తరచూ జరిగే పొరపాటు, ఒకే మందు రెండు పేర్లతో పడటం. ట్రమడాల్ కలిసిన గోలీల్లో చాలావాటిలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. దానిపైన జ్వరానికి ఇంకో పారాసిటమాల్ వేస్తే మోతాదు దాటి కాలేయానికి దెబ్బ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ వంటివి రక్తం పలుచన మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం, బీపీ ఉన్న పెద్దవాళ్లకు కిడ్నీ ఇబ్బంది. తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో మోషన్ అయితే వెంటనే ఫోన్ చేయండి. (ఐరన్ గోలీలకు కూడా మోషన్ నల్లబడుతుంది, కానీ తారులా జిగటగా ఉండదు. అనుమానం ఉంటే అడగడమే మేలు.)

పెద్ద వయసువాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, మనుషులను గుర్తుపట్టకపోతే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టడం కాదు. సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మందుల మత్తు, ఆక్సిజన్ తగ్గడం, షుగర్ పడిపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ముందు షుగర్ చూడండి, తర్వాత వెంటనే ఫోన్.

7. నడక, వ్యాయామం

మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. ఒకేసారి వీధి చివరిదాకా పోయి రావడం కన్నా ఇది మంచిది. రోజుకు మూడుసార్లు: పాదాలు ఆడించడం, మోకాలిని మంచానికి అదిమి ఐదు లెక్కపెట్టడం, మడమను జరుపుతూ మోకాలు వంచడం, కాలు చాచి పైకెత్తడం. నొప్పి గోలీ వేసుకున్న అరగంట, ముప్పావుగంటకు మొదలుపెడితే సులువు. అయ్యాక గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాలు పెట్టండి. కాపడం వద్దు.

మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగా ఉంటుంది కాబట్టే అందరూ పెడతారు, కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద ఉండాలి.

మెట్లు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర ఆపరేషన్ కాలికి ఎదురువైపు చేతిలో పట్టుకోవాలి.

సరిగా సాగుతోందని ఎలా తెలుస్తుంది? కాలు చాచి పడుకున్నప్పుడు మోకాలి కింద మీ అరచెయ్యి పెట్టండి, ఆ చెయ్యిని అదిమి పట్టగలగాలి. కుర్చీలో కూర్చుని పాదం వెనక్కి జరిపితే రెండు వారాలకు ముంగాలు నిటారుగా, అంటే 90 డిగ్రీల దగ్గరికి రావాలి. ఆరు వారాలకు 110 దగ్గరికి. ఆరు వారాలైనా 90 దాటకపోతే ఇంకో నెల చూద్దామని ఆగకండి. ఆ సమయంలో మత్తిచ్చి మోకాలు వంచితే వచ్చే ఫలితం ఆలస్యమైతే రాదు.

8. తిండి, మోషన్

"పప్పు తింటే చీము పడుతది, గుడ్డు వద్దు, మాంసం వద్దు" అని పథ్యం పెట్టి కారం మెతుకులతో నెట్టుకొచ్చే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. గాయం మానడానికి కావాల్సిందే ప్రొటీన్. ఆరవై కిలోల మనిషికి ఈ రోజుల్లో రోజుకు సుమారు 70 నుంచి 90 గ్రాములు అవసరం. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. అంటే రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పాలు, పెరుగు, వీలైతే కోడికూరో చేపో, పల్లీలో అన్నీ కలిస్తేనే ఆ దగ్గరికి చేరతాం. పప్పుతో చీము రాదు. షుగర్ అదుపు తప్పినా, గాయంలో క్రిములు చేరినా వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ ఎంతో డాక్టర్‌ను అడగాలి.

ట్రమడాల్, ఐరన్ గోలీలు మోషన్ బిగుస్తాయి. మొదటి రోజు నుంచే నీళ్లు, ఆకుకూరలు, జామ, బొప్పాయి. రెండు రోజులు కాకపోతే లాక్టులోజ్ సిరప్ గురించి అడగండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఇంటి వైద్యం ఆపి దవాఖానకు. మూత్రం ఆరేడు గంటలుగా రాక పొత్తికడుపు బిగిసినా అంతే.

9. తుంటి మార్పిడి అయినవాళ్లకు అదనంగా

డాక్టర్ చెప్పినన్ని వారాలు (తరచుగా ఆరు నుంచి పన్నెండు) నేలమీద, పీటమీద కూర్చోకూడదు, కాలిమీద కాలు వేయకూడదు, కింద పడ్డది వంగి తీయకూడదు. పడుకుంటే కాళ్ల మధ్య దిండు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు. దేవుడి గది ముందు అలవాటుగా కూలబడటం, చెప్పుల కోసం వంగడం, చంటిపిల్లను నేలమీంచి ఎత్తుకోవడం, కీలు జారేది ఇలాంటి చోటే.

"టక్" మని నొప్పి లేచి, కాలు పొట్టిగా అయి, పాదం పక్కకు తిరిగి, నిలబడలేకపోతే కీలు జారినట్టే. లాగొద్దు, నాటు కట్టువాళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఉన్న తీరులోనే పడుకోబెట్టి 108 పిలవండి. తిండి, నీళ్లు ఇవ్వకండి, మత్తిచ్చి సరిచేయాల్సి రావచ్చు.

10. రోజూ రెండు నిమిషాల తనిఖీ

నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి: జ్వరం ఎంత, షుగర్ ఎంత, పిక్క కొలత, కట్టు పొడిగా ఉందా తడిగా ఉందా, మోషన్ అయిందా, నొప్పి నిన్నటికన్నా ఎక్కువా తక్కువా. 100.4 డిగ్రీలు దాటి రెండుసార్లు వస్తే ఫోన్ చేయండి. 101 దాటినా, చలితో వణికినా ఆ రోజే వెళ్లండి. జ్వరం గోలీ వేసి గంటకు చూసి "లేదు" అని రాయకండి, గోలీ వేసే ముందు చూసి రాయండి.

చూడటానికి చుట్టాలు వస్తారు. రానివ్వండి, కానీ జలుబు, దగ్గు ఉన్నవాళ్లు వాకిట్లోంచే పలకరించి వెళ్లాలి. మంచం మీద పేషెంటు పక్కన కూర్చోవద్దు, కట్టు ఎవరూ ముట్టొద్దు. చెప్పడానికి మీకు మొహమాటమైతే డాక్టర్ చెప్పారనండి.

ఫోన్ చేసినప్పుడు ఈ వరసలో చెప్పండి: పేరు, ఏ కాలు, ఏ ఆపరేషన్, ఎన్నో రోజు, ఇప్పుడేమైంది, జ్వరం ఎంత, ఏ మందులు నడుస్తున్నాయి. "సార్, మా బాపుకు కుడి మోకాలు, ఇయ్యాల తొమ్మిదో రోజు. నిన్నటిదాకా కట్టు పొడిగుండె, పొద్దుగాల నుంచి తడుస్తాంది. జ్వరం 99. ఫొటోలు పంపిన" అంటే చాలు, ఫోన్ ఎత్తినవాళ్లకు ఏం చేయాలో తెలుస్తుంది. ఎవరూ ఎత్తకపోతే రెండో ఫోన్ కోసం రేపటిదాకా చూడొద్దు, బయలుదేరండి.

కుట్లు తీశాక, నెల గడిచాక కూడా ఒక జాగ్రత్త మిగులుతుంది. ఏళ్ల తర్వాతైనా పంటి చీము, కాలిపుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే అక్కడి క్రిములు కీలుకు చేరగలవు. పళ్ల డాక్టర్‌కైనా, ఇంకెవరికైనా లోపల కీలు ఉందని మొదటే చెప్పండి. స్టిక్కర్లున్న డిశ్చార్జి కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. అసలు కాగితాన్ని ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.